పూతరేకుల డబ్బాకి లేబుల్ ఎందుకు, ఈ రూల్సు ఎప్పటి నుంచి?

మీ అత్తగారు చాలా ఏళ్లుగా ఆత్రేయపురంలో ఇంటి దగ్గరే పూతరేకులు చుట్టి అమ్ముతున్నారని, ఇప్పుడు హైదరాబాద్ స్వీట్ షాపు వాళ్లు లేబుల్, నంబర్ లేకపోతే సరుకు తీసుకోబోమంటున్నారని రాశారు. మా పెద్దవాళ్ల కాలంలో లేని గోల ఇప్పుడెందుకని కూడా అడిగారు. మాది పాలకొల్లు, నాన్నగారిది కిరాణా కొట్టు. నేను రావులపాలెంలో స్వీట్లు, పచ్చళ్లు ప్యాక్ చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. పాత చట్టం దెబ్బ ఇంట్లో చూశాను, కొత్త చట్టం కింద రోజూ పని చేస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: లేబుల్ కొనేవాళ్లకి ఎంత అవసరమో చిన్నగా అమ్ముకునేవాళ్లకీ అంతే అవసరం. అది లేనప్పుడు తప్పు ఎవరు చేసినా చివరికి సరుకు ఎవరి కొట్లో దొరికితే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

పెద్దవాళ్ల కాలంలో లేదన్నది నిజం కాదండి. 1918లోనే మద్రాసు ప్రెసిడెన్సీకి కల్తీ నిరోధక చట్టం వచ్చింది, మన గోదావరి జిల్లాలు అప్పుడు దాని కిందే ఉండేవి. 1937లో కేంద్రం చేసిన చట్టంతో పంట సరుకుల నాణ్యతకి వేసే ఆగ్‌మార్క్ ముద్ర మొదలైంది. తర్వాత దేశమంతటికీ ఒకటే ఉండాలని 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేశారు, అది 1955 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీది నెయ్యితో పని కాబట్టి ఒక సంగతి చెప్పాలి. వనస్పతిలో, అంటే డాల్డా లాంటి దాంట్లో, కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలని ఆ రూల్సులో ఉండేది. రుచి కోసం కాదు. ఎవరైనా నేతిలో వనస్పతి కలిపితే ఆ నువ్వుల నూనె పట్టించేస్తుంది, ల్యాబ్‌లో ఆసిడ్, ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం వేసి కలిపితే గులాబీ ఎరుపు రంగు తేలుతుంది. దొంగ దొరకడానికి సరుకులోనే గుర్తు పెట్టించారన్నమాట. ఈ చట్టాల్లో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

ఇక నాన్నగారి సంగతి. ఎనభైల చివర్లో ఒకరోజు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బస్తాలో ఉన్న కందిపప్పు శాంపిల్ అడిగారు. ఊరికే తీసుకోరు, డబ్బులిచ్చి కొని రసీదు రాయించుకుంటారు. పక్క బట్టల కొట్టాయన్ని సాక్షిగా పిలిచారు. పప్పుని మూడు భాగాలు చేసి మూడు సీసాల్లో పోశారు, పైన కాగితం చుట్టి, నంబరున్న చీటీని అడుగు నుంచి మూత దాకా అంటించి, దారంతో కట్టి, లక్క కరిగించి సీళ్లు వేశారు. నాన్నగారి సంతకం సగం చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడేలా పెట్టించారు, తర్వాత ఎవరూ చీటీ మార్చకుండా. అప్పట్లో ఒక సీసా ల్యాబ్‌కి వెళ్లేది, మిగతా రెండూ అధికారి దగ్గర ఉండేవి. రిపోర్టు మన చేతికి వచ్చాక 10 రోజుల్లో అడిగితే రెండో సీసాని కేంద్ర ల్యాబ్‌కి పంపించేవారు.

పప్పులో మెటానిల్ ఎల్లో రంగు కలిసిందని రిపోర్టు వచ్చింది. పాత పప్పు, నాసిరకం పప్పు పసుపుపచ్చగా మెరవడానికి వేసే రంగు అది, తినే వస్తువులో వేయకూడనిది. అది మా కొట్లో వేసింది కాదు, హోల్‌సేల్ నుంచి బస్తా వచ్చినప్పుడే అలా ఉంది. కానీ ఆ రోజుల్లో సరుకంతా బిల్లు లేకుండా చేత్తో రాసిన చీటీ మీదే వచ్చేది. సరుకు మంచిదేనని అమ్మినవాళ్లు రాసిచ్చిన వారంటీ గానీ సరైన బిల్లు గానీ ఉండి, కొన్నది కొన్నట్టే అమ్మానని చూపించగలిగితే చిల్లర వ్యాపారిని వదిలేయడానికి ఆ చట్టంలోనే దారి ఉండేది. మా దగ్గర ఉన్నది పేరు కూడా లేని చీటీ ముక్క. హోల్‌సేల్ వ్యాపారి ఆ బస్తా నాది కాదన్నాడు. కల్తీ రుజువైతే అప్పట్లో జైలు శిక్ష, పైగా జరిమానా. కొన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగాక సీళ్ల విషయంలో ఏదో లోపం ఉందని కేసు కొట్టేశారు గానీ అమ్మ ఆ ఏళ్లన్నీ పడిన టెన్షన్ నేను మర్చిపోలేను. రంగు కలిపినవాడు మాత్రం ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కలేదు.

ఆ తర్వాతే మా కొట్లో విడి పప్పు తగ్గి ప్యాకెట్ పప్పు పెరిగింది. ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ల పేరు, ఊరు, బ్యాచ్ నంబర్ ఉంటాయి, తప్పుంటే నేరుగా వాళ్లనే అడగొచ్చు. బరువు, ధర ప్యాకెట్ మీద వేయాలన్న రూల్సు తూనికలు కొలతల చట్టం కింద 1977లో వచ్చాయి. అయినా చాలా వాటి మీద ‘స్థానిక పన్నులు అదనం’ అని ఉండేది, దానిమీద రోజూ గొడవే. పన్నులన్నీ కలుపుకుని ఎమ్మార్పీ ఒక్కటే వేయాలని 1990లో మార్చారు.

ఇప్పుడు మీకు వర్తించేది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2011 ఆగస్టు 5 నుంచి అమలవుతోంది. 1954 చట్టం అప్పుడే పోయింది. పెద్ద తేడా ఏంటంటే, లేబుల్ మీద తప్పులకి ఇప్పుడు జైలు లేదు, జాయింట్ కలెక్టర్ దగ్గర విచారణ జరిగి జరిమానా వేస్తారు, అది 3 లక్షల వరకూ పోవచ్చు. తిన్నవాళ్ల ప్రాణం తీసే సరుకు అమ్మితే మాత్రం యావజ్జీవం దాకా ఉంది. ఈ విడదీత న్యాయంగా ఉంది. అక్షరం తప్పు పడినవాడినీ విషం కలిపినవాడినీ ఒకే గాటన కట్టకూడదు కదా.

మీ అత్తగారికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, చిన్న వ్యాపారులకి ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ చాలు. మేం మొదట తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలు కట్టాం, ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. 14 అంకెల నంబర్ వస్తుంది, రిజిస్ట్రేషన్‌ది 2తో మొదలవుతుంది. డబ్బా మీద దినుసులు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి వరుసగా రాయాలి. బెల్లం ఎక్కువైతే బెల్లమే ముందు, నెయ్యి పేరు బాగుంటుందని దాన్ని ముందుకి తేకూడదు. జీడిపప్పు వేస్తే అలర్జీ ఉన్నవాళ్ల కోసం అది విడిగా కనబడాలి. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క, బరువు, బ్యాచ్, చుట్టిన తేదీ, ఎమ్మార్పీ, చిరునామా మామూలే. 2020 రూల్సు వచ్చాక ‘బెస్ట్ బిఫోర్’ ఒక్కటే వేస్తే కుదరదు, ఏ తేదీలోపు తినాలో కచ్చితంగా వేయాలి. ఆ తేదీ పక్కవాళ్ల డబ్బా చూసి వేయకండి. మీ చక్కెర రేకులు ఎన్నాళ్లుంటాయో, బెల్లం రేకులు ఎన్నాళ్లుంటాయో, వానాకాలంలో ఎన్నాళ్లకి మెత్తబడతాయో అత్తగారికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆవిడ చెప్పిన దానికంటే నాలుగు రోజులు తక్కువే వేయండి.

అన్నిటికంటే ముందు నెయ్యి ఎవరి దగ్గర కొంటున్నారో వాళ్లని బిల్లు అడగండి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా అమ్మినవాళ్ల 14 అంకెల నంబర్ ఉండాలి. తెలిసినవాళ్లే కదా, చీటీ చాలు అంటారు. ఊరుకోకండి. బిల్లు తీసుకుని, ఆ డబ్బా నెయ్యి ఏ బ్యాచ్ రేకులకి వాడారో ఆ బిల్లు మీదే రాసి పెట్టుకోండి.