ఎయిర్ రిజర్వ్ బేస్ అంటే మూతపడ్డ బేసా? మార్చ్ బేస్ పక్కన ఉంటున్నవాడి జవాబు

మీరు అడిగింది: కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ దగ్గర ఇల్లు చూస్తున్నాం, పక్కనే మార్చ్ ఎయిర్ రిజర్వ్ బేస్ ఉంది, 'రిజర్వ్' అన్నారంటే విమానాలు పెద్దగా తిరగవనేగా?

పెరిస్ వైపు ఇల్లు కొన్నప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ రెండో రోజే పెరట్లో నిలబడి, "ఏంట్రా ఆ విమానం పొద్దుట్నుంచీ చక్కర్లు కొడుతోంది, దిగడానికి చోటు దొరకలేదా?" అంది. అది సీ-17 అనే పెద్ద సైనిక రవాణా విమానం. రన్‌వేకి చక్రాలు తాకించి మళ్లీ లేచిపోవడం, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ తాకించడం, అదే వాళ్ల ప్రాక్టీసు.

ఇక్కడ రిజర్వ్ అన్నది విమానాలకు కాదు, మనుషులకు. మన టెరిటోరియల్ ఆర్మీ ఉంది కదా, ధోనీకి గౌరవ హోదా ఇచ్చినది, కాస్త అలాంటి పద్ధతి. మా వీధిలో ఒకాయన వారమంతా మామూలు ఉద్యోగం చేసుకుంటాడు. నెలకో వారాంతం యూనిఫాం వేసుకుని బేస్‌కి వెళ్తాడు, ఏడాదికి మరో రెండు వారాలు శిక్షణ. అది కాగితం మీది లెక్క, పిలుపొస్తే నెలల తరబడి ఇంట్లో కనిపించడు. మరి మిగతా రోజుల్లో విమానాలను ఎవరు చూసుకుంటారని అడిగాను. దానికి కొందరు పూర్తికాలం ఉద్యోగులున్నారట. వారమంతా సివిలియన్ ఉద్యోగిగా చేసే పనినే డ్రిల్ వారాంతంలో, అంటే నెలకోసారి యూనిఫాం వేసుకునే ఆ వారాంతంలో, సైనికుడిగా చేస్తారు. నాకైతే నవ్వొచ్చింది కానీ బేస్ నడిచేది వాళ్ల వల్లే.

ఇక్కడి ముఖ్యమైన దళం 452వ ఎయిర్ మొబిలిటీ వింగ్. సైనికులనూ బరువైన సామానునూ మోసే సీ-17లు, గాల్లోనే వేరే విమానాలకు ఇంధనం పోసే ట్యాంకర్లు నడపడం దాని పని. ఇవి కాక కాలిఫోర్నియా ఎయిర్ నేషనల్ గార్డ్ (రాష్ట్రం కింద ఉండే రిజర్వ్ లాంటి వైమానిక దళం) ఎంక్యూ-9 డ్రోన్ల దళం కూడా ఇక్కడే ఉంది.

పేరు చూసి మార్చి నెల అనుకోకండి. 1918లో టెక్సస్‌లో విమాన ప్రమాదంలో చనిపోయిన పేటన్ మార్చ్ జూనియర్ అనే యువ అధికారి పేరది. అప్పటి సైన్యాధిపతి కొడుకు. తమాషా ఏమిటంటే ఆ ఏడాది మార్చిలోనే దీన్ని మొదలుపెట్టారు. 1923లో మూసేసి, 1927లో మళ్లీ తెరిచారు. 1949 నుంచి స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్ (అమెరికా అణు బాంబర్లను నడిపిన విభాగం) చేతిలో బీ-47, బీ-52 బాంబర్లకు స్థావరం. ఆ దశ గురించి తెలుసుకోవాలంటే బేస్ అంచునే ఉన్న మార్చ్ ఫీల్డ్ మ్యూజియానికి వెళ్లండి. మా నాన్న ఎస్‌ఆర్-71 గూఢచారి విమానం దగ్గర గంటసేపు నిలబడిపోయారు, బీ-52 వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

కోల్డ్ వార్ అయిపోయాక ఖర్చు తగ్గించుకోవడానికి 1993లో బేస్‌ను కుదించాలని తేల్చారు. 1996 ఏప్రిల్ 1న ఇది ఎయిర్ రిజర్వ్ బేస్ అయింది. పూర్తికాలం సైనిక కుటుంబాలు వెళ్లిపోవడంతో మొరేనో వ్యాలీకి గట్టి దెబ్బే తగిలిందని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మిగిలిన భూమిని రివర్‌సైడ్, మొరేనో వ్యాలీ, పెరిస్ నగరాలు, కౌంటీ కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకుని అభివృద్ధి చేశాయి. ఇప్పుడు మీకు కనిపించే వేర్‌హౌసుల్లో చాలా వరకు ఆ నేల మీదివే. రన్‌వేను పౌర సరుకు విమానాలు కూడా వాడుకుంటాయి.

'రిజర్వ్' అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు నేను చెప్పేది 2020 జనవరి సంగతి. వూహాన్ నుంచి తరలించిన 195 మంది అమెరికన్లతో మొదటి విమానం దిగింది ఇక్కడే. వాళ్లను బేస్‌లోనే 14 రోజులు క్వారంటైన్‌లో ఉంచారు. ఆ రెండు వారాలూ మా వాట్సాప్ గ్రూపులో టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇక ఇంటి సంగతి. రన్‌వే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉంటుంది. కాబట్టి ఆ గీతను రెండు వైపులా పొడిగిస్తే తగిలే ఇళ్లకే మోత ఎక్కువ, అంటే ఇటు పెరిస్ వైపు, అటు రివర్‌సైడ్ వైపు. మొరేనో వ్యాలీ తూర్పు భాగం చాలా నయం. ప్రమాదానికి అవకాశం ఎక్కువున్న జోన్లను మ్యాపులో విడిగా గుర్తిస్తారు, మీ ప్లాటు అందులో ఉందేమో చూసుకోండి. ఇది ఊరికే కాగితం మాట కాదు. 2019 మేలో ఒక ఎఫ్-16 బేస్ పక్కనున్న వేర్‌హౌస్ కప్పు మీద కూలింది. పైలట్ ముందే పారాచూట్‌తో బయటపడ్డాడు, ఎవరూ చనిపోలేదు.

కాలిఫోర్నియాలో దగ్గర్లో ఎయిర్‌పోర్టు ఉంటే అమ్మేవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. నాకూ చెప్పారు. నలభై పేజీల మధ్యలో ఉంది, చదవకుండా సంతకం పెట్టేశాను. మీరు చదవండి. ఇల్లు చూడటానికి కూడా ఆదివారం మధ్యాహ్నం ఓపెన్ హౌస్‌కి ఒక్కసారి వెళ్లి సరిపెట్టుకోకుండా, డ్రిల్ వారాంతంలో ఒకసారి, మామూలు పనిరోజు రాత్రి ఎనిమిదింటికి ఒకసారి పెరట్లో అరగంట నిలబడి చూడండి.