అగ్నిపర్వతాల కింది భూపటలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అగ్నిపర్వత ప్రాంతాల్లో భూపటలం ఎంత మందంగా ఉందో, శిలాద్రవం ఎంత లోతున ఉందో శాస్త్రవేత్తలు కిలోమీటర్ల లెక్కన చెబుతుంటారు. భూకంప తరంగాలతోనూ గురుత్వాకర్షణ కొలతలతోనూ ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఒక పద్ధతి ఉండగా రెండోది ఎందుకు?

జవాబు: ముందు మీ రెండో సందేహం తీర్చాలి, అసలు విషయమంతా అక్కడే ఉంది. భూకంప తరంగాలను బట్టి తెలిసేది అవి రాతిలో ప్రయాణించే వేగం. గురుత్వ సర్వేను బట్టి తెలిసేది కింద ఉన్న ద్రవ్యరాశి. ఒకచోట తరంగాలు నెమ్మదించాయంటే అక్కడి రాయి బాగా వేడిగా ఉండవచ్చు, కొంత కరిగి ఉండవచ్చు, లేదా పగుళ్లలో నీరో ఆవిరో నిండి ఉండవచ్చు. వేగం ఒక్కదాన్ని చూసి వీటిలో ఏది నిజమో తేల్చలేం. గురుత్వం తగ్గిన చోట తేలిక పదార్థం ఉందని తెలుస్తుంది కానీ, అది పైపైనే పరుచుకున్న పలుచని పొరా, లోతున ఉన్న పెద్ద రాశా అన్నది ఆ కొలత చెప్పదు. ఒకే కొలతలకు సరిపడే అమరికలు ఎన్నైనా ఉంటాయన్నది గణితపరంగా రుజువైన విషయం. అందుకే ఆకారాన్నీ లోతునూ తరంగాలతో పట్టుకుని, సాంద్రతను గురుత్వంతో సరిచూస్తారు.

తరంగాలను రెండు విధాలుగా సంపాదిస్తారు. బోరు రంధ్రాల్లో మందుగుండు పేల్చి, వరుసగా పాతిన సిస్మోమీటర్లకు ఆ కంపనం ఎన్ని సెకన్లకు చేరిందో నమోదు చేయడం ఒకటి. ఎక్కడో దూరాన వచ్చిన సహజ భూకంపాల తరంగాలు ఆ ప్రాంతం అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు పట్టుకోవడం రెండోది. భూపటలంలోని గట్టి రాతిలో పి తరంగాలు (రాతిని నొక్కుతూ సాగి, అన్నిటికంటే ముందు చేరేవి) సెకనుకు సుమారు 6 నుంచి 7 కిలోమీటర్ల వేగంతో పోతాయి. దాని కింది పొర అయిన మాంటిల్‌లోకి దిగగానే ఆ వేగం 8 కిలోమీటర్లకు చేరుతుంది. ఈ సరిహద్దును 1909లో క్రొయేషియాలోని జాగ్రెబ్ సమీపంలో వచ్చిన భూకంపం నమోదుల్లో శాస్త్రవేత్త ఆండ్రియా మొహరోవిచిచ్ గుర్తించారు కనుక దాన్ని మోహో అంటారు. ఖండాల కింద మోహో సగటున 35 నుంచి 40 కిలోమీటర్ల లోతున, సముద్రాల అడుగు నేల నుంచి 7 కిలోమీటర్ల దిగువన ఉంటుంది. సముద్రమధ్య పర్వతశ్రేణి మీద ఉన్న ఐస్‌లాండ్‌లో మాత్రం భూపటలం కొన్నిచోట్ల 40 కిలోమీటర్ల దాకా మందంగా ఉంది. అక్కడ మాంటిల్ నుంచి శిలాద్రవం మామూలు కంటే చాలా ఎక్కువగా ఊరి, పైకి చేరి గడ్డకట్టిందనడానికి ఇదే గట్టి ఆధారం.

రాతిని పక్కలకు ఊపుతూ సాగే ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. రాతిలో కొద్దిశాతం కరిగిన పదార్థం ఉన్నా అవి పి తరంగాల కంటే ఎక్కువగా నెమ్మదిస్తాయి కాబట్టి, రెండింటి వేగాల నిష్పత్తి ద్రవం ఉనికికి సూచన అవుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. శిలాద్రవం ఉన్న చోటును చుట్టివచ్చే తరంగం, దాని గుండా నెమ్మదిగా వచ్చే తరంగం కంటే ముందే సిస్మోమీటర్‌ను చేరవచ్చు. మొదట చేరినదాన్నే లెక్కలోకి తీసుకుంటే లోపలి ద్రవం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ అగ్నిపర్వతం విషయంలో 2015 నాటి అధ్యయనం అక్కడి పైభాగపు శిలాద్రవ నిల్వలో కరిగిన భాగం సుమారు 9 శాతమని అంచనా వేయగా, తరంగాల ఆకృతిని మొత్తంగా విశ్లేషించిన 2022 నాటి అధ్యయనం దాన్ని 16 నుంచి 20 శాతంగా లెక్కగట్టింది. ఎక్కువ అంచనా తీసుకున్నా అందులో అధికభాగం ఘనపదార్థమే. అగ్నిపర్వతం కింద ఎర్రటి ద్రవం నిండిన పెద్ద తొట్టిలాగా గీసే బొమ్మలు పాఠకులకు అన్యాయం చేస్తున్నాయని నా అభిప్రాయం.

గురుత్వ సర్వేకు ఓర్పు కావాలి. గురుత్వాన్ని కొలిచే గ్రావిమీటర్‌ను నేల మీద కదలకుండా సమతలంగా నిలిపి, లోపలి స్ప్రింగు సాగుదలను చదివి, స్ప్రింగు కాలక్రమంలో జరిగిపోయే తేడాను సరిచేయడానికి ప్రతి రోజూ మొదలుపెట్టిన స్థానానికే తిరిగివచ్చి మళ్లీ కొలుస్తారు. ప్రమాణం మిల్లీగాల్, అంటే భూమి గురుత్వంలో దాదాపు పదిలక్షల వంతు. ఎత్తు కొలతలో ఒక మీటరు పొరపాటు జరిగితే ఫలితంలో సుమారు 0.2 మిల్లీగాల్ తేడా వస్తుంది. అగ్నిపర్వతం వాలులో మరో ఇబ్బంది ఉంది: పక్కన ఎత్తుగా ఉన్న శిఖరం పైకి లాగుతుంది, దిగువన లోయలో ఉండాల్సిన రాయి లేక కిందికి లాగే బలం తగ్గుతుంది. రెండూ కొలతను తగ్గించేవే. వాటిని సరిచేయకుండా గీసిన పటం కొండ ఆకారాన్ని చూపిస్తుందే తప్ప దాని అడుగును చూపించదు. పర్వతాల ఆకర్షణను 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో అనే అగ్నిపర్వతం దగ్గరే కొలవడానికి ప్రయత్నించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ బూగే పేరుతోనే, సవరణలన్నీ పోగా మిగిలే తేడాను బూగే అనామలీ అంటున్నాం.

ఆ తేడా అన్ని అగ్నిపర్వతాల మీదా ఒకేలా ఉండదు. యెల్లోస్టోన్ మీద గురుత్వం తగ్గుతుంది. పాక్షికంగా కరిగిన రాయీ, కాల్డెరాలో (విస్ఫోటనం తర్వాత నేల కుంగి ఏర్పడిన పెద్ద గుంటలో) నిండిన తేలికపాటి పదార్థమూ దానికి కారణాలు. హవాయిలోని పెద్ద అగ్నిపర్వతాల మధ్యభాగం మీద పెరుగుతుంది, ఎందుకంటే ఆలివీన్ అనే బరువైన ఖనిజపు స్ఫటికాలు, పైకి రాకుండా లోపలే చొరబడి గడ్డకట్టిన శిలలు అక్కడ పేరుకున్నాయి. చురుకైన అగ్నిపర్వతం కనుక కింద తేలికే ఉంటుందనుకోవడం సరికాదు.

తరంగాల నుంచి వచ్చిన వేగాల నమూనాను సాంద్రతలుగా మార్చి, దాని వల్ల రావలసిన గురుత్వాన్ని లెక్కించి, అసలు కొలతలతో పోలుస్తారు. రెండూ పొసగని చోటే కొత్త సంగతి బయటపడుతుంది. తరంగాలు ఒక్కటే చెప్పగలిగే సంగతులూ లేకపోలేదు. 2014లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం చుట్టూ మందుగుండు పేల్చి చేసిన సర్వేలో, మోహో నుంచి వచ్చే ప్రతిధ్వని తూర్పున బలంగా, పడమట బలహీనంగా కనిపించింది. పడమటి వైపు మాంటిల్ చల్లగా, నీటితో కలిసి సర్పెంటైన్ అనే ఖనిజంగా మారి ఉండటమే కారణమని పరిశోధకులు వివరించారు. అంత చల్లని చోట రాయి కరగదు కాబట్టి శిలాద్రవం తూర్పు నుంచి రావలసిందే.

ప్రశ్న: ఇంత లెక్కల బదులు నేరుగా బావి తవ్వితే సరిపోదా?

జవాబు: సరిపోదు. ప్రపంచంలోకెల్లా లోతైన రష్యాలోని కోలా బోరు రంధ్రం కూడా 12 కిలోమీటర్లు దాటి కాస్త దూరమే వెళ్లింది. అయితే ఒక బావి మాత్రం మన సర్వేల పరిమితిని చూపించింది. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 4 కిలోమీటర్లకు మించి దిగాలని మొదలుపెట్టిన బావి, 2.1 కిలోమీటర్ల దగ్గరే శిలాద్రవాన్ని తాకింది. అంత పైన అది ఉంటుందని ఏ సర్వే చెప్పలేదు. దూరపు భూకంపాల తరంగాల తరంగదైర్ఘ్యం కొన్ని కిలోమీటర్లు ఉంటుంది కనుక, అంతకంటే చాలా చిన్న నిల్వలు వాటికి చిక్కవు.

ప్రశ్న: ఈ సర్వేలతో విస్ఫోటనాన్ని ముందే పసిగట్టవచ్చా?

జవాబు: ఒక్కసారి చేసిన సర్వే నిర్మాణాన్ని చూపిస్తుంది, తేదీని కాదు. అవే స్థానాల్లో గురుత్వాన్ని పదేపదే కొలిస్తే మాత్రం విలువైన సమాచారం దొరుకుతుంది. నేల ఉబ్బినప్పుడు ద్రవ్యరాశి కూడా పెరిగితే లోపలికి శిలాద్రవం వచ్చిందని అనుమానించాలి. ద్రవ్యరాశి పెరగకుండా ఉబ్బితే వాయువులు గానీ వేడినీరు గానీ కారణం కావచ్చు. నేల ఒక సెంటీమీటరు లేస్తే ఆ ఎత్తు వల్లనే గురుత్వం సుమారు 3 మైక్రోగాల్ (మైక్రోగాల్ అంటే మిల్లీగాల్‌లో వెయ్యో వంతు) తగ్గుతుంది కాబట్టి, ప్రతి కొలతతోపాటు జీపీఎస్‌తో ఎత్తును కూడా నమోదు చేయకపోతే ఈ రెండింటినీ విడదీయలేం.