డిలీట్ అయిన దస్తావేజు జాడ తీసే కొలువు

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆఫీసుల్లో వాడే డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లలో డిలీట్ చేసిన ఫైళ్ల ఆనవాళ్లు తీసే పని నేర్చుకుంటానంటోంది. రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే వచ్చేదానికి మళ్లీ చదువెందుకని చుట్టాలు అంటున్నారు. ఒక శిక్షణ కేంద్రం ఆర్నెల్ల కోర్సుకు 90 వేలు అడుగుతోంది. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఒకటుంది. ఫీజు కట్టమంటారా?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఆ పైసలు అట్లాగే ఉంచి మీ అమ్మాయికి రెండు నెలలు టైమివ్వండి. ఈ పని ఆమెకు పడుతుందో లేదో ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీదే తేలిపోతుంది.

చుట్టాల మాటలో సగం నిజముంది. పెన్‌డ్రైవ్‌లో పోయిన పెళ్లి ఫొటోలు తీయడానికి ఏ చదువూ అక్కర్లేదు. డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. తహసీల్ ఆఫీసు రికార్డు గది గుర్తు చేసుకోండి. కాగితం బీరువాలో ఉంటుంది, దాని నంబరు రిజిస్టర్లో ఉంటుంది, ఎవరు పట్టుకెళ్లారో ఇంకో పుస్తకంలో ఉంటుంది. కాగితం చింపేసినా రిజిస్టర్లో వరుస మిగులుతుంది, రిజిస్టర్లో కొట్టేసినా కాగితం బీరువాలోనే ఉండొచ్చు. ఇక్కడా అంతే. అసలు ఫైలు సర్వర్ డిస్కులో, దాని పేరూ యజమానీ డేటాబేస్‌లో, అందులోని మాటలు సెర్చ్ ఇండెక్స్‌లో, మొదటి పేజీ బొమ్మ థంబ్‌నెయిల్ ఫోల్డర్‌లో, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారన్నది లాగ్‌లో ఉంటాయి. ఇవి కాక వాడినవాళ్ల కంప్యూటర్‌లో మిగిలినవి ఉండనే ఉంటాయి. డిలీట్ నొక్కగానే ఇవన్నీ ఒక్కసారే పోవు. ఒక్కోదానికీ ఒక్కో గడువు. ఏది ఎన్నాళ్లుంటుందో తెలిసి, గడువు దాటకముందే భద్రపరిచి, ఎవరు ఏ ఫైలును ఎప్పుడు తీసేశారో కాగితం మీద నిలబెట్టగలిగేవాళ్లకే ఈ కొలువు. ఫైలు తిరిగి రాకపోయినా కేసు నిలబడుతుంది. ఫైలు దొరికినా ఎవరు తీసేశారో చెప్పలేకపోతే ఉపయోగం తక్కువ.

ఇలాంటి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లలో ఆల్‌ఫ్రెస్కో ఒకటి, దాన్ని చూడండి. యూజర్ డిలీట్ చేస్తే ఫైలు ముందు ట్రాష్‌క్యాన్‌లోకి, అంటే డేటాబేస్‌లో ఆర్కైవ్ అనే విడి భాగంలోకి పోతుంది. అక్కడా తీసేస్తే ఆ ఫైలు చిరునామా పక్కన 'అనాథ అయిన సమయం' ఒకటి నమోదవుతుంది. మామూలు అమరికలో 14 రోజులు దాన్ని ముట్టుకోరు. ఆ తర్వాత తెల్లవారుజామున 4 గంటలకు నడిచే శుభ్రం చేసే జాబ్, ఫైలును చెరిపేయకుండా 'కంటెంట్‌స్టోర్ డిలీటెడ్' అనే ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఆ ఫోల్డర్‌ను ఎవరైనా చేత్తో ఖాళీ చేస్తే తప్ప అది దానంతటది ఖాళీ కాదు. శాశ్వతంగా పోయిందని అందరూ నమ్మిన కాంట్రాక్టు నెలల తరబడి అక్కడే పడుంటుంది. అయితే దానికి అసలు పేరుండదు. చివర బిన్ అని ఉన్న ఓ పొడవాటి కోడ్, దాని పైన సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం పేర్లతో ఫోల్డర్లు. అది ఏ రకం ఫైలో మొదటి బైట్లే చెప్తాయి: హెక్స్‌లో (పదహారు గుర్తుల అంకెల పద్ధతి) 25 50 44 46 ఉంటే పీడీఎఫ్, 50 4బీ ఉంటే కొత్త వర్డ్, ఎక్సెల్ లాంటి జిప్ రకం. రికవరీ సాఫ్ట్‌వేర్ ఈ ఫోల్డర్ వైపు చూడనే చూడదు. దాని లెక్కలో అవి డిలీట్ అయిన ఫైళ్లు కావు మరి!

మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో డిలీట్ చేసిన నాటి నుంచి రెండు రీసైకిల్ బిన్‌లూ కలిపి 93 రోజులు. మొదటి బిన్ ఖాళీ చేస్తే ఫైలు రెండోదానిలోకి పోతుంది, గడువు మాత్రం మళ్లీ మొదలవదు. ఎవరు ఏం చేశారో రాసుకునే మైక్రోసాఫ్ట్ ఆడిట్ లాగ్ సాధారణ లైసెన్సులో 180 రోజులు ఉంటుంది. కాబట్టి నాలుగో నెలలో ఫిర్యాదు వస్తే ఫైలు దొరక్కపోయినా డిలీట్ చేసిన అకౌంటు పేరు దొరకొచ్చు. ఏడో నెలలో వస్తే మామూలుగా అదీ ఉండదు. ఇంటర్వ్యూల్లో అడగదగిన ప్రశ్న ఇది.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. ఆల్‌ఫ్రెస్కో 8 జీబీ ల్యాప్‌టాప్ మీద మొరాయిస్తుంది కాబట్టి ఫైళ్లు దాచి పంచుకునే నెక్స్ట్‌క్లౌడ్ తీసుకోండి, అది ఉచితం. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కుతో ఉబుంటు సర్వర్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి, దాని మీద అపాచీ (వెబ్ సర్వర్), మరియాడీబీ (డేటాబేస్), నెక్స్ట్‌క్లౌడ్ చేత్తో ఇన్‌స్టాల్ చేయాలి. రెడీమేడ్ ప్యాకేజీ వాడితే ఏ లాగ్ ఎక్కడుందో అర్థం కాదు. గుమస్తా, మేనేజర్ అని ఇద్దరు యూజర్లను చేసి, 40 ఫైళ్లు ఎక్కించి, 5 ఫైళ్లలో మార్పులు చేసి, 10 డిలీట్ చేసి, అందులో 4 ట్రాష్ నుంచి కూడా తీసేయాలి. ఏ నిమిషానికి ఏం చేసిందో ఒక నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకోవాలి. తర్వాత తేల్చినదంతా ఆ నోట్‌బుక్‌తోనే పోల్చాలి. అది రాయకపోతే మిగతా శ్రమ వృథా.

తర్వాత సర్వర్ ఆపి, డిస్కును రా ఫార్మాట్‌లో, అంటే ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి, ఆ కాపీకి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఒక్క బైటు మారినా మారిపోయే వేలిముద్ర లాంటి కోడ్) తీసి అదే నోట్‌బుక్‌లో రాయాలి. ఇక ముట్టుకునేది కాపీనే. ఆటాప్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు. 8 జీబీ మీద నిదానంగా నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకుంటే సరి.

యూజర్ ఫోల్డర్‌లో 'ఫైల్స్ ట్రాష్‌బిన్' కింద డిలీట్ అయిన ఫైళ్లు కనిపిస్తాయి. పేరు చివర చుక్క, డి అక్షరం, తర్వాత పది అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 1735670400. ఇది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. మారిస్తే 2024 డిసెంబర్ 31 సాయంత్రం 6:40 వస్తుంది. కానీ అది గ్రీనిచ్ కాలం. అయిదున్నర గంటలు కలిపితే మన దగ్గర 2025 జనవరి 1, రాత్రి 12:10. కలపడం మర్చిపోతే నివేదికలో రోజే కాదు, ఏడాదే తప్పు పడుతుంది. డిసెంబర్ 31 సాయంత్రం ఆఫీసులో ఉన్న గుమస్తా మీదకు నింద పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ట్రాష్ నుంచి కూడా తీసేసిన ఆ నాలుగింటి సంగతి చూడాలి. ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డిలీట్ చేసేటప్పుడు, ఫైలు డిస్కులో ఎక్కడెక్కడుందో చెప్పే గుర్తులను సున్నా చేసేస్తుంది. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అట్లా కాదు, ఫైళ్ల జాబితా అయిన ఎమ్మెఫ్టీ రికార్డులో 'వాడుకలో ఉంది' అనే గుర్తు తీసేసి, చోటు వివరాలు అలాగే వదిలేస్తుంది. అందుకే విండోస్‌లో సులువుగా పనిచేసిన రికవరీ సాఫ్ట్‌వేర్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. అప్పుడు డేటాబేస్ చూడాలి. యాక్టివిటీ పట్టికలో ఎవరు ఏ ఫైలు తీసేశారో, సమయంతో సహా ఉంటుంది, మామూలు అమరికలో 365 రోజులు. అపాచీ లాగ్‌లో డిలీట్ అనే పదంతో మొదలయ్యే అభ్యర్థన, యూజర్ పేరున్న దారి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఐపీ అడ్రస్ దొరుకుతాయి. కానీ ఉబుంటులో ఆ లాగ్ రోజుకోసారి మారుతూ 14 పాతవి మాత్రమే ఉంచుకుంటుంది. మూడో వారంలో వెళ్తే ఆ ఐపీ ఇక లేదు.

ఇక్కడ రెండు గుంతలున్నాయి, మీ అమ్మాయిని కావాలనే వాటిలో పడి లేవమనండి. మేనేజర్ షేర్ చేసిన ఫోల్డర్‌లోంచి గుమస్తా ఫైలు తీసేస్తే, అది ఇద్దరి ట్రాష్‌లోనూ కనిపిస్తుంది. మేనేజర్ ట్రాష్‌లో ఉంది కాబట్టి మేనేజరే తీసేశాడని రాస్తే తప్పు. రెండోది, డేటాబేస్‌లో వరుస నంబర్లు 211 తర్వాత 213 ఉంటే 212ను ఎవరో చెరిపేశారని అనిపిస్తుంది. కానీ సగంలో ఆగిపోయిన ఎక్కింపు కూడా ఒక నంబరు మింగేస్తుంది. నంబరు లేకపోవడం అనుమానానికి చాలు, రుజువుకు చాలదు. ఇదే తీరులో, గడువు ముగిసి సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసేసినదాన్ని మనిషి మీద వేయకూడదు. లాగ్‌లో సర్వీస్ అకౌంట్ (మనిషిది కాకుండా సాఫ్ట్‌వేర్ వాడే అకౌంటు) పేరు ఉంటే ముందు దాని షెడ్యూల్ చూడాలి.

వాడినవాళ్ల కంప్యూటర్ గురించి కొంచెమే చెప్తాం, దీని మీద నేర్చుకోవడానికి ఉచిత సరుకు చాలా ఉంది. విండోస్ రీసైకిల్ బిన్‌లో డిలీట్ అయిన ప్రతి ఫైలుకూ 'డాలర్ ఐ' అనే చిన్న జంట ఫైలు ఉంటుంది. అందులో మొదటి 8 బైట్లు వెర్షన్, తర్వాతి 8 అసలు సైజు, ఆ తర్వాతి 8 డిలీట్ చేసిన సమయం, చివర పాత దారి. ఈ సమయం 1601 నుంచి లెక్క, పైన చెప్పిన 1970 లెక్కతో కలగాపులగం చేయొద్దు. డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ (ఖాళీ అయిన చోటును డిస్కే శుభ్రం చేసుకునే ఏర్పాటు) వల్ల డిలీట్ అయిన డేటా త్వరగా సున్నాలవుతుంది, కాబట్టి ఆ కంప్యూటర్‌ను ఆన్ చేసి 'ఒకసారి చూద్దాం' అనుకోవడమే పెద్ద నష్టం.

నివేదిక రాయడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఎ భాగం పరికరం బాధ్యత ఉన్నవారు, బి భాగం నిపుణుడు నింపుతారు. హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారన్నది రాయాలి. అదే రోజు నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 176 ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది. మీ అమ్మాయి తన 40 ఫైళ్ల మీద 6 పేజీల నివేదిక రాసి, ప్రతి వాక్యానికీ పక్కన 'ఏ ఆధారంతో' అన్న గడి పెట్టాలి. ఆధారం లేని వాక్యం కొట్టేయాలి. అది ఇంగ్లిషులోనే రాయమనండి. హైదరాబాద్‌లో పని ఇంగ్లిషులోనే ఉంటుంది, తెలుగు మీడియం పిల్లలకు సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే కష్టం.

ఈ సాధన అంతా సొంత ల్యాప్‌టాప్ మీదే. కాలేజీ సర్వర్లో, తెలిసినవాళ్ల ఆఫీసులో అనుమతి లేకుండా వెతికితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడే ప్రమాదం ఉంది. సొంత ఫైళ్లు అయిపోయాక అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టిన ఉచిత సాధన ఇమేజ్‌లున్నాయి. వాటిలో డేటా లీకేజ్ కేసు ఒకటి చేస్తే చాలు, ప్రశ్నలూ దానితోనే వస్తాయి.

రెండు నెలల తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే దారులు మూడు. గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో డిజిటల్ ఫోరెన్సిక్స్ ఎమ్మెస్సీ, దానికి ప్రవేశ పరీక్ష ఉంది. లేదంటే ఐసెట్ రాసి వరంగల్‌లోనే ఎంసీఏ చేస్తూ డేటాబేస్, లినక్స్ గట్టిచేసుకోవడం. ఖర్చు చూసుకుంటే మేం దీనికే మొగ్గుతాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ హైదరాబాద్‌లో నడిపే సెక్యూరిటీ డిప్లొమా మూడోది, కానీ కేవలం డిగ్రీతో అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూశాకే ఆశ పెట్టుకోండి. ప్రభుత్వ ల్యాబ్ పోస్టులు పడ్డప్పుడు రాయాలి, వాటి కోసం ఖాళీగా కూర్చోవద్దు. మడికొండ ఐటీ పార్కులో ఈ పనే దొరుకుతుందని లెక్కేసుకోకండి. ఆడిట్ సంస్థల ఫోరెన్సిక్ విభాగాలు, బ్యాంకుల సెక్యూరిటీ టీములు, ఈ-డిస్కవరీ (కోర్టు కేసులకు ఎలక్ట్రానిక్ రికార్డులు వెతికిపెట్టే) కంపెనీల్లో మొదటి కొలువు హైదరాబాద్‌లోనే ఉంటుంది.

ఆ శిక్షణ కేంద్రానికి మళ్లీ వెళ్తే, ఫీజు మాట ఎత్తకముందు ఒకటి అడగండి: షేర్‌పాయింట్‌లోనో ఆల్‌ఫ్రెస్కోలోనో డిలీట్ చేసిన ఫైలు మీద మీ విద్యార్థి రాసిన నివేదిక ఒకటి చూపిస్తారా అని. సర్టిఫికెట్ నమూనా చూపిస్తే లేచి వచ్చేయండి. 90 వేలతో పోలిస్తే చాలా తక్కువలో ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించొచ్చు. స్లాట్ ఖాళీగా ఉందో లేదో ముందు వెనక మూత విప్పి చూడమనండి, కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.