అన్నం బాగానే తింటుంది, మరి ఈ నీరసం ఏంటి?

ప్రశ్న: మేడం గారూ నమస్తే. మా పాపకి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, పొద్దున 7 కల్లా కాలేజీ బస్సు ఎక్కాలి. లేవగానే పాలల్లో చాక్లెట్ పొడి కలిపి ఇస్తాను, రెండు బిస్కెట్లు తింటుంది, టిఫిన్ అంటే టైం లేదమ్మా అంటుంది, బతిమాలితే ఒక ఇడ్లీ నోట్లో కుక్కుకుని పరిగెడుతుంది. క్యారేజీలోకి అన్నం, బంగాళదుంప వేపుడో దొండకాయ వేపుడో, వారంలో రెండు రోజులు పులిహోర. సాయంత్రం ఆరున్నరకి వచ్చి నూడుల్స్ చేసుకుంటుంది, దాంతో పాటు టీ, లేకపోతే కాలేజీ బయట సమోసానో పునుగులో తినేసి వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం, పప్పు గానీ చారు గానీ, అప్పడం, పెరుగు. ఆకుకూర పప్పు చేస్తే ఆకులన్నీ ఏరి పళ్లెం అంచున పెడుతుంది. ఆదివారం చికెన్ ఇష్టంగా తింటుంది, గుడ్డు మాత్రం ఆమ్లెట్ వేస్తేనే. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 43 కేజీలు. రెండు పూటలా అన్నం బాగానే తింటుంది కదా, అయినా మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర, జుట్టు ఊడుతోంది. మా అత్తగారు బీట్రూట్ రసం, ఖర్జూరం పెట్టమంటున్నారు, మా తోటికోడలేమో ఏదో ప్రోటీన్ డబ్బా కొనమంటోంది. తన తిండి సరిపోతోందా లేదా చెప్పండి.
(ఒక అమ్మ, తెనాలి)

జవాబు: అమ్మా, మీరు ఇంత వివరంగా రాయడం మంచిదైంది, చాలామంది "మా పిల్ల ఏమీ తినదు" అని ఒక్క ముక్క రాసి మందు చెప్పమంటారు. ముందు బరువు సంగతి, సన్నగానే ఉంది గానీ ఆ ఎత్తుకి 43 అంటే కంగారు పడేంత తక్కువేం కాదు, దాన్ని పక్కన పెట్టండి. అసలు విషయం పళ్లెంలో ఉంది. మీ పాప రోజంతా తినేది చూస్తే బియ్యం, మైదా, బంగాళదుంప, మళ్లీ బియ్యం. కడుపు నిండుతోంది, అందుకే మీకు బాగానే తింటున్నట్టు కనిపిస్తోంది.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లకి రోజుకి దాదాపు 2500 కేలరీలు, 46 గ్రాముల ప్రోటీన్, 1050 మిల్లీగ్రాముల కాల్షియం, 32 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మీరు రాసినదాన్ని నేను కాగితం మీద వేసి చూశాను. ఉజ్జాయింపు లెక్కేలెండి, మీ ఇంటి గరిటె ఎంతుంటుందో నాకు తెలీదు కదా. ప్రోటీన్ పప్పు చేసిన రోజు 38 గ్రాముల దాకా వస్తోంది, చారు పెట్టిన రోజు ఇంకొంచెం తగ్గుతుంది. అంటే లోటు ఉంది కానీ మీ తోటికోడలు గారు భయపెట్టినంత లేదు, రోజూ ఒక గుడ్డు, గుప్పెడు శెనగలు పడితే తీరిపోయే లోటు, దానికి వేలు పోసి డబ్బా అక్కర్లేదు. ఐరన్ దగ్గరే గుండె జారింది నాకు, ఇంట్లో వండిన తిండిలో ఎంత ఉదారంగా లెక్కేసినా 7, 8 మిల్లీగ్రాములు దాటట్లేదు, కావాల్సింది 32. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు మరి.

పైగా ఆ వచ్చే కొంచెం కూడా ఒంటికి పట్టకుండా టీ అడ్డం పడుతోంది. ఆకుల్లో పప్పుల్లో ఉండే ఐరన్ కొంచెం మొండిది, టీలో ఉండే వగరు పదార్థం దాన్ని పట్టేసుకుని బయటికి పంపించేస్తుంది. అందుకని టీ మానలేకపోతే తిండికి గంట ముందు గానీ గంట తర్వాత గానీ ఇవ్వండి, తింటూ తాగడం మాత్రం వద్దు. నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ దీనికి సరిగ్గా ఉల్టా, వాటిలో విటమిన్ సి ఆ మొండి ఐరన్‌ని లోపలికి లాక్కొస్తుంది. పప్పన్నంలో నిమ్మచెక్క పిండితే రుచికి రుచి, పని కూడా జరుగుతుంది.

ఇంక అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, పాపకి సీబీసీ రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అన్నట్టే. ఆయాసం, నిద్రమత్తు, జుట్టు ఊడటం ఇవన్నీ దానివల్లే అని ఉత్తరం చదివి నేను చెప్పలేను, థైరాయిడ్ కూడా ఇలాగే చేస్తుంది, డాక్టర్ చూసి చెప్పాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది, కాబట్టి అనుమానం అటే పోతుంది. పీరియడ్స్ ఎన్ని రోజులు ఉంటున్నాయి, రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది, ఇది కూడా ఒకసారి అడగండి, వారం దాటి వెళ్తుంటే డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పండి. ఒకవేళ తక్కువుందని ఐరన్ మాత్రలు రాస్తే అవి పాలతోనూ టీతోనూ వేయొద్దు, మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేయండి, విరేచనం నల్లగా అయితే గాభరా పడొద్దు, అది మామూలే. ప్రభుత్వ స్కూళ్లల్లో వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు, ప్రైవేటు కాలేజీ పిల్లలకి ఇది చాలాసార్లు అందదు. పాపకి నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారో గుర్తులేకపోతే అది కూడా అప్పుడే అడిగేయండి.

అత్తగారి మాట తీసేయకండి, ఖర్జూరం పెట్టొచ్చు, బీట్రూట్ కూడా కూర చేసుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే బీట్రూట్ ఎర్రగా ఉంటుందని రక్తం పట్టేస్తుందనుకోవడం ఉత్త నమ్మకమే, దాంట్లో ఐరన్ బాగా తక్కువ. అదే తోటకూర, మునగాకు వంద గ్రాముల్లో నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం 300 పైనే. నువ్వులైతే ఇంకా ఎక్కువ. ఆకులు ఏరి పారేసే పిల్లకి ఆకుకూర కనిపించకుండా పెట్టాలి, పప్పు ఉడికాక తోటకూరతో సహా పప్పుగుత్తితో బాగా మెత్తగా ఎనిపేయండి, ఏరడానికి ఏమీ మిగలదు. మునగాకు నీడలో ఆరబెట్టి, ఎండుమిర్చి, మినప్పప్పు, బోలెడు నువ్వులు, కాస్త చింతపండు, వెల్లుల్లి వేసి పొడి కొట్టి పెట్టుకోండి, ఇడ్లీలోకైనా వేడన్నంలో నెయ్యేసుకునైనా అదే మొదటి ముద్ద అయితే చాలు. కారప్పొడి వద్దనే తెలుగు పిల్లని నేనింకా చూడలేదు.

పొద్దున పూట పెసరట్టు పెట్టి చూడండి. పెసలు రాత్రి నానేస్తే చాలు, పులియబెట్టే పనే లేదు, రెండట్లకి 60 గ్రాముల పెసలు పడితే అందులోనే 14 గ్రాముల ప్రోటీన్. పళ్లెంలో పెట్టి కూర్చోమంటే కూర్చోదు, చుట్ట చుట్టి చేతికిస్తే బస్సులో తినేస్తుంది. ఆ పాలు అప్పుడు కాకుండా రాత్రి పడుకునే ముందుకి మార్చండి, చాక్లెట్ పొడి తగ్గిస్తూ మెల్లగా మానేయండి, ఆ పొడుల్లో చాలావాటిలో పంచదారే ఎక్కువ, డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే మీకే తెలుస్తుంది.

క్యారేజీలో వేపుడు రోజూ వద్దనను గానీ వేపుడు ఒక్కటే పెట్టకండి. ఇంకో చిన్న డబ్బాలో గట్టి పప్పు గానీ, శెనగల కూర గానీ, గుడ్డు పొరటు గానీ ఉండాలి. గుడ్డు క్యారేజీలో పెడితే మూత తీయగానే వాసనని పక్క పిల్లలు ఏడిపిస్తారు, అందుకే తీసుకెళ్లనంటారు చాలామంది, అలాగైతే ఆమ్లెట్ సాయంత్రం ఇంట్లోనే వేసివ్వండి. పులిహోర రోజు వేరుశనగలు రెండింతలు పోయండి. పెరుగన్నం పుల్లబడుతుందంటే పాలు పోసి కాస్త పెరుగు చుక్క తోడేసి పంపండి, మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది.

సాయంత్రం నూడుల్స్ పూర్తిగా ఆపించే యుద్ధం ఇప్పుడే మొదలెట్టొద్దు, ఓడిపోతారు. వారానికి రెండుసార్లకి ఒప్పించండి, ఆ రెండుసార్లూ గుడ్డు కొట్టి, క్యారెట్, బఠాణీ వేసి, ఆ మసాలా పొట్లం సగమే వేయండి, ఉప్పు చాలావరకు అందులోనే ఉంటుంది. మిగతా రోజులు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, శెనగ గుగ్గిళ్లు, జామకాయ ముక్కలకి ఉప్పూ కారం. అప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి అంత అన్నం కూడా తినదు, తినకపోతే తిననివ్వండి, అన్నం తగ్గించి పప్పు ఒక గరిటె ఎక్కువ వేయండి. ఆ తార్నాక సంస్థ వాళ్లే 2024 లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజు మొత్తానికి 2000 కేలరీల తిండికి ఏం చెప్పారంటే బియ్యం గోధుమ లాంటివి 250 గ్రాములు, పప్పు దినుసులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, పళ్లు 100 గ్రాములు, నట్స్, గింజలు 35 గ్రాములు. మీ పాప పప్పు నా లెక్కలో రోజుకి 20 గ్రాములు. చారులో పప్పు అయితే లెక్కలోకే రాదు, అది పప్పు కట్టు.

ఆదివారం చికెన్ తెచ్చేటప్పుడు కొట్టువాడిని లివర్ కూడా వేయమనండి, మామూలు ముక్కకంటే దాంట్లో ఐరన్ చాలా రెట్లు ఎక్కువ. ఇంకో మాట, మీది రేషన్ బియ్యం అయితే కొన్నేళ్ల పాటు అందులో వందకి ఒకటి చొప్పున వేరే గింజలు కలిపి ఇచ్చారు, కడిగేటప్పుడు పైకి తేలేవి, ప్లాస్టిక్ బియ్యం అని ఊళ్లల్లో ఏరి పారేసేవాళ్లు. అవి ప్లాస్టిక్ కాదమ్మా, బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు, ఆ బియ్యం కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలని రూలు. మనకి లేనిదే వాళ్లు కలిపిస్తే మనం ఏరి పారేసుకున్నాం.

ఇవన్నీ చేసినా 32 మిల్లీగ్రాములు తిండిలోంచే రోజూ అందుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను, అందుకే ముందు పరీక్ష చేయించమంటున్నా.

ప్రశ్న: హాయ్ మేడం, నాకు 17, విజయవాడలో హాస్టల్‌లో ఉంటా, బరువు 56. మెస్‌లో పొద్దున ఇడ్లీ లేదా ఉప్మా, మధ్యాహ్నం అన్నం సాంబారు ఫ్రై, రాత్రి కూడా సేమ్, వారానికి మూడు గుడ్లు, ఆదివారం చికెన్. జిమ్‌లో జాయిన్ అయ్యి నెల అయింది, ఫ్రెండ్స్ అందరూ వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడర్) తాగుతున్నారు, ఇంట్లో డబ్బులు అడగాలంటే భయం. తాగకపోతే బాడీ రాదా? నైట్ చదవడానికి ఎనర్జీ డ్రింక్ తాగుతా, ఓకేనా?

జవాబు: తమ్ముడూ, డబ్బులు అడగకు, అవసరం లేదు. నీ వయసు అబ్బాయికి రోజుకి 55 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది, జిమ్ చేస్తున్నావు కాబట్టి ఇంకో పదీ పదిహేను వేసుకో. పెద్ద రహస్యమేమీ లేదు ఇందులో. కొట్లో వేరుశనగ గుళ్లు కొని గదిలో పెట్టుకో, రోజూ 50 గ్రాములు నానబెట్టి గానీ వేయించి గానీ తిను, 12 గ్రాములు అక్కడే వచ్చాయి. మెస్ బయట రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఇంకో 12. కెటిల్ ఉందా, మీల్ మేకర్ ఒక గుప్పెడు వేడినీళ్లలో నానేసి పిండి సాంబారన్నంలో కలిపేయ్, రుచి గురించి నన్ను తిట్టుకోవద్దు. సాంబారు వడ్డించేటప్పుడు గరిటె అడుగుదాకా పెట్టమని మెస్ అన్నకి చెప్పు, పప్పంతా అడుగునే ఉంటుంది.

నిజానికి నీకు తక్కువ పడేది ప్రోటీన్ కన్నా మొత్తం తిండే అనిపిస్తోంది, 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి 3300 కేలరీల దాకా కావాలి, మెస్ మూడు పూటల్లో అది రావడం కష్టం. అరటిపళ్లు, పెరుగు, పల్లీ చిక్కీ, ఇవి మధ్యలో పడాలి. కండ ఏమో పౌడర్ తాగినందుకు కాదు, బరువులెత్తి, కడుపునిండా తిని, ఎనిమిది గంటలు పడుకుంటే వస్తుంది. పౌడర్ విషం అని కూడా అనను, కానీ లూజు డబ్బాలు, జిమ్ ట్రైనర్ చేతిలోంచి వచ్చే పేరులేని పొట్లాలు మాత్రం ముట్టుకోకు.

ఎనర్జీ డ్రింక్ ఓకే కాదు. ఆ డబ్బా మీదే పిల్లలకి సిఫారసు చేయడం లేదని రాసి ఉంటుంది, చదువు. రాత్రి పదకొండుకి కెఫీన్ తాగితే రెండింటిదాకా నిద్ర రాదు, పొద్దున లేవలేక టిఫిన్ మిస్సు, జిమ్ వేస్ట్.

ప్రశ్న: నేను నైన్త్ క్లాస్. క్లాసులో లావు అంటున్నారని మూడు నెలల నుంచి రాత్రి అన్నం మానేశా, పొద్దున కూడా టీ ఒక్కటే. ఇప్పుడు తల తిరుగుతోంది. పీరియడ్స్ రెండు నెలలుగా రాలేదు. ఇంట్లో చెప్పలేదు.

జవాబు: బంగారం, నీ బరువెంతో నువ్వు రాయలేదు, నేనూ అడగను, అది ఇప్పుడు ముఖ్యం కాదు. తల తిరగడం, పీరియడ్స్ ఆగడం, రెండూ నీ ఒంటికి తిండి చాలట్లేదని చెప్పే గుర్తులే అయ్యుండొచ్చు, ఇంకో కారణం కూడా ఉండొచ్చు, ఏదైనా సరే ఈ వారంలోనే డాక్టర్ చూడాలి. నీ వయసులో ఎత్తు పెరుగుతుంది, ఎముక గట్టిపడుతుంది, దానికోసం ఒళ్లు కొంచెం నిండటం ఎక్కువమంది ఆడపిల్లల్లో జరిగేదే, క్లాసులో వాగేవాళ్లకి అది తెలీదు. ఈ రాత్రికే పెద్ద పళ్లెం తినేయమనట్లేదు, కడుపు పట్టదు కూడా. కాస్త పెరుగన్నం, ఒక అరటిపండు, రేపు పొద్దున టీకి ముందు రెండు ఇడ్లీలు. అమ్మకి చెప్పడానికి నోరు రాకపోతే ఈ పేజీ మడిచి అమ్మ చేతిలో పెట్టు. అమ్మకి కుదరదనుకుంటే పిన్నికో, అత్తకో, నీకు నచ్చిన టీచర్‌కో చూపించు, వాళ్లే అమ్మతో మాట్లాడతారు.