అమ్మలూ, టికెట్లు పెట్టే ముందు కుర్చీలు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ వాట్సాప్ మెసేజ్ రెండుసార్లు చదివాను. కాలేజీ గ్రౌండులో ఆరు వేల మందితో కచేరీ పెడుతున్నారంటే చాలా సంతోషంగా ఉంది. బ్లాక్‌లో అమ్మేవాళ్లను ఎలా ఆపాలి పెదనాన్నా అని అడిగావు. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు చూసుకోవాల్సింది మన టేబుల్ మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు విశాఖలో సంగీత విభావరులు నడిపాను. మాకు వచ్చిన టికెట్ గొడవల్లో ఎక్కువ భాగం లేని కుర్చీలకు మేం టికెట్లు అమ్మడం వల్లే వచ్చాయి.

తొంభైల్లో ఒకసారి 900 కుర్చీల హాలు తీసుకున్నాం. 800 టికెట్లు అచ్చు వేయించి, పాసులకు ఓ వంద చాలులే అనుకున్నాం. స్పాన్సర్ నలభై అడిగాడు. పర్మిషన్ ఇచ్చిన ఆఫీసులన్నీ తలా పది అడిగాయి. ఎవరికీ కాదనలేక రాసిస్తూ పోయాం. ఆ రోజు సాయంత్రానికి పాసులు 180 దాటాయి. ఆరున్నరకే హాలు నిండిపోయింది. రిటైరైన టీచరు ఒకాయన భార్యను తీసుకుని వచ్చారు. చేతిలో డి వరుస, 14, 15 నంబర్లు. గేటు దగ్గర టికెట్లు చింపి లోపలికి పంపాం. ఆ సీట్లలో పాసుల మీద వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు, లేవమంటే లేవలేదు. ఆయన గొంతు పెంచలేదు. "మేం కొనుక్కునే వచ్చాం బాబూ" అని, చింపిన సగం టికెట్లు వేళ్ల మధ్య పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ మెట్ల మీద కూర్చున్నారు. మర్నాడు ఇంటికి వెళ్లి డబ్బు ఇచ్చాను. తీసుకున్నారు, కాఫీ కూడా ఇచ్చారు. మళ్లీ మా కార్యక్రమాలకు రాలేదు.

అందుకే చెబుతున్నాను, గ్రౌండు ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చో. స్టేజీ ఎంత, సౌండ్ వాళ్ల డెస్క్ ఎంత, కెమెరా ప్లాట్‌ఫారం ఎంత, అంబులెన్స్ వెళ్లే దారి ఎంత, అన్నీ తీసేయ్. స్పీకర్ల వెనక పడి స్టేజీ కనిపించని చోట్లు కూడా తీసేయ్. మిగిలింది పోలీసులు పర్మిషన్‌లో రాసిన సంఖ్య కంటే ఎక్కువైతే ఆ పర్మిషన్ సంఖ్యే నీ లెక్క. అందులోంచి పాసులు ముందే తీసి, వాటికి కుర్చీల్లో వేరే భాగం, వేరే రంగు పెట్టు. పోస్టర్ మీదే "అమ్మకానికి ఇన్ని టికెట్లు" అని వేసెయ్. అది వేస్తే ఆఖరి నిమిషంలో పాస్ అడిగేవాడికి నువ్వు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

2023 సెప్టెంబర్ 10న చెన్నైలో రెహమాన్ కచేరీకి ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. వర్షం వల్ల ఆగస్టులో వాయిదా పడిన కార్యక్రమం అది. టికెట్లు కొన్నవాళ్లు ఎంతోమంది ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో చిక్కుకుని, తోపులాటలో నలిగి, లోపలికే వెళ్లలేకపోయారు. పిల్లలతో వచ్చిన ఆడవాళ్లు ఎంత అవస్థ పడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. టికెట్ కాపీలు పంపమని రెహమానే ముందుకొచ్చి అడిగారు. అంత పెద్దాయన పేరు మీద ఆ మచ్చ పడిందంటే, కొత్తగా మొదలుపెట్టిన మీ బృందం తట్టుకోలేదమ్మా.

ఇక అమ్మే పద్ధతి. ఫలానా రోజు పన్నెండింటికి ఓపెన్ అని పెట్టకు. 2024 సెప్టెంబర్ 22న కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం ముంబై కచేరీ టికెట్లకు అలాగే పెట్టారు. సైటు మొరాయించింది, జనానికి లక్షల నంబర్ల వెనక క్యూ చూపించింది. వేగంగా ఇంటర్నెట్ ఉన్నవాడికో, అదృష్టవంతుడికో దొరికాయి. తర్వాత కొన్ని టికెట్లు 2,000 రూపాయలకు పెట్టారు చూడు, ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. మనిషికి రెండే, సీటు ఎక్కడో చేతికి వచ్చేదాకా తెలియదు. అలాంటి టికెట్టును ఎక్కువ ధరకు అమ్ముకోవడం బ్లాకువాడికి కష్టం.

నువ్వు ఇలా చెయ్యి. వారం రోజులు పేర్లు నమోదు చేసుకోనివ్వు, ఒక ఫోన్ నంబరుకు ఒకటే. తర్వాత లాటరీ తీసి, వచ్చినవాళ్లకు రెండు రోజులు గడువు ఇవ్వు. తొందర పెట్టకపోతే సైటు కూలదు, పెద్దవాళ్లకూ సమాన అవకాశం ఉంటుంది. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవానికి ముందే ఫోటోతో నమోదు చేసుకోవాలి, ఆ ఫోటో టికెట్ మీదే ఉంటుంది. నీకు ఫోటో దాకా అక్కర్లేదు. పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు చాలు.

ఫోన్‌లో కొనలేనివాళ్ల కోసం కౌంటర్ పెడతానన్నావు, పెట్టు. కానీ టోకెన్లు ముందురోజే పంచి, గంటకు ఇంతమంది అని టైమ్ రాసివ్వు. 2022 సెప్టెంబర్‌లో హైదరాబాద్ జింఖానా గ్రౌండులో క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. కౌంటర్ దగ్గర ఒక్క గేటే తెరిచి జనాన్ని పోగెయ్యకు.

ధర మొదట్లో చెప్పిందే చివర్లోనూ ఉండాలి. 2024లో బ్రిటన్‌లో ఒయాసిస్ బృందం టికెట్లు 148 పౌండ్లని చెప్పి, గంటల తరబడి క్యూలో నిలబడ్డవాళ్లకు 355 చూపించారు. అభిమానులు ఎంత నొచ్చుకున్నారో! 500 రూపాయల దాకా కచేరీ టికెట్‌కు జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. 600 అని పోస్టర్ వేస్తే కొనేవాడు 708 కట్టాలి, పైన కన్వీనియన్స్ ఫీజు. మీ ఆడిటర్‌ను ఒకసారి అడిగి, అన్నీ కలిపిన మొత్తమే పోస్టర్ మీద వెయ్యి. వెనక వరుసలు 499కి పెట్టగలిగితే కాలేజీ పిల్లలు వస్తారు.

బ్లాక్ సంగతికి వచ్చాను. అమ్మేవాళ్లందరూ దళారులు కారమ్మా. జ్వరం వచ్చినవాడు, పరీక్ష వాయిదా పడినవాడు ఉంటారు. తిరిగి ఇచ్చే దారి లేకపోతే వాళ్లూ దళారి దగ్గరికే వెళ్తారు. కచేరీకి మూడు రోజుల ముందు దాకా టికెట్ మీరే వెనక్కి తీసుకుని, పూర్తి డబ్బు ఇచ్చి, అదే ధరకు లాటరీలో రానివాళ్లకు ఇవ్వండి. ఐర్లాండ్‌లో 2021లో చట్టమే చేశారు, పెద్ద వేదికల టికెట్లు అసలు ధర మించి అమ్మకూడదని. మన దగ్గర నువ్వు చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, ఈ వెసులుబాటు పెడితే సగం బ్లాక్ ఆగుతుంది. క్యూఆర్ కోడ్ ముందే పంపకు, స్క్రీన్‌షాట్లు పదిమందికి అమ్ముతారు. కచేరీ రోజు పొద్దున పంపు. గేటు దగ్గర స్కానర్లు నెట్ లేకుండా పనిచేస్తాయో లేదో ముందురోజు సాయంత్రం ఐదింటికి, అదే గ్రౌండులో నిలబడి చూసుకో. జనం వచ్చాక సిగ్నల్ ఉండదు.

టికెట్ డబ్బు వేరే ఖాతాలో ఉంచు, కచేరీ అయ్యేదాకా ముట్టుకోకు. వాన పడి ఆగిపోతే ఆ వారంలోనే అందరికీ వెనక్కి వెళ్లాలి. సౌండ్ వాళ్ల అడ్వాన్సుకు తక్కువైతే నన్ను అడుగు, టికెట్ డబ్బు కదపకు.

ఆదివారంలోగా ప్లాన్ మీద కుర్చీలు గీసి పంపు. పాసుల లెక్క కూడా ఆ కాగితం మీదే రాయి. నాకూ మీ పెద్దమ్మకూ పాసులు పెట్టకు, మా పేర్లు లాటరీలో నమోదు చేసుకుంటాం.

ఆశీస్సులతో,
పెదనాన్న