పక్కన ఎవరూ లేనప్పుడే ఆ ప్రశ్న

ప్రశ్న: ఇళ్లలో ఆడవాళ్లను కొట్టడం గురించి పల్లెల్లో సర్వే చేస్తున్నాం. "మీ ఆయన మిమ్మల్ని హింసిస్తారా?" అని అడిగితే దాదాపు అందరూ "అబ్బే, అలాంటిదేం లేదండీ" అంటున్నారు. అత్తగారో ఆడపడుచో పక్కనే ఉంటున్నారు. ఎలా అడగాలి?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడే వీలు చూసుకోండి, ప్రశ్నల సంగతి తర్వాత. అత్తగారు వింటుండగా అడిగితే జవాబు తప్పు రావడంతోనే పోదు. మీరు వీధి మలుపు తిరిగేలోపే "వాళ్లకేం చెప్పావు?" అని ఆమెను నిలదీస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ భాగానికి ఇంటికి ఒక్క మహిళనే ఎంపిక చేస్తారు. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అడక్కుండానే వదిలేస్తారు. మీరూ అదే పాటించండి. తోడికోడళ్లిద్దరినీ అడిగితే ఏం అడిగారో ఇల్లంతా తెలిసిపోతుంది.

ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు అత్తగారిని అరుగు మీద కూర్చోబెట్టి రేషన్ కార్డు, పశువులు, పింఛను వివరాలు నిదానంగా రాసుకుంటుంటే, రెండోవారు కోడలితో పెరట్లో మాట్లాడొచ్చు. రెండేళ్లు దాటిన పిల్లలు కూడా దగ్గర ఉండకూడదు. విన్నది సాయంత్రం నాన్నకు వాళ్లే చెప్పేస్తారు. ఊళ్లో మాత్రం ఇది మహిళల ఆరోగ్యం, జీవన పరిస్థితుల సర్వే అనే చెప్పండి. అయితే ఆమెకు మాత్రం అసలు విషయం విడిగా చెప్పి, ఏ ప్రశ్నకైనా జవాబివ్వనక్కర్లేదని, ఎక్కడైనా ఆపేయొచ్చని చెప్పాకే మొదలుపెట్టాలి. మధ్యలో ఎవరైనా వస్తే పిల్లల టీకాల ప్రశ్నలకు మారిపోతామని ఆమెతో ముందే అనుకోండి.

ఇక ప్రశ్న. చెంపదెబ్బను హింస కింద లెక్కేయని వాళ్లు ఎంతోమంది. అందుకే ఒక్కో చేష్టనూ విడిగా అడగండి: "పెళ్లయినప్పటి నుంచి మీ ఆయన ఎప్పుడైనా మిమ్మల్ని చెంప మీద కొట్టారా? నెట్టారా? మీ మీదికి ఏదైనా విసిరారా? చెయ్యి మెలిపెట్టారా, జుట్టు పట్టి లాగారా? తన్నారా? గొంతు నులిమారా?" ఔనన్న ప్రతిదానికీ "గత 12 నెలల్లో జరిగిందా?" అని అడగాలి. ఈ భాగం సర్వే సగం దాటాక రావాలి, చివర్లో మాత్రం కాదు. చివర మామూలు ప్రశ్నలు నాలుగైనా ఉంటే ఆమె కాస్త కుదుటపడి లేస్తుంది.

"కొట్టలేదు కదా?" అని అడిగితే జవాబు మీరే ఇచ్చేసినట్టు. ప్రశ్న ఉన్నదున్నట్టు చదివి, ఐదు సెకన్లు ఊరుకోండి. చాలాసార్లు మాట ఆ మౌనంలోనే వస్తుంది. "ఎందుకు కొట్టాడు?" అని మాత్రం అడగొద్దు, తప్పు తనదేనన్నట్టు వినిపిస్తుంది. ఏడిస్తే ప్రశ్నలు ఆపండి, కొనసాగించాలా వద్దా అన్నది ఆమెకే వదిలేయండి. భర్తతో మాట్లాడి సర్దిచెప్పాలని అసలు చూడొద్దు. ఆమెకు ఇచ్చే ఫోన్ నంబర్ల కార్డులో 108, 104 పక్కన 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంటే, ఎవరి కంటపడినా అనుమానం రాదు. ఆ కార్డునూ తీసుకోవాలని బలవంతపెట్టకండి.

పర్యవేక్షకులకు ఒక మాట. జవాబు "లేదు" అని రాస్తే తర్వాతి పది ప్రశ్నలు అడిగే పని తప్పుతుందని సర్వే చేసేవాళ్లకు రెండో వారానికే అర్థమవుతుంది. ఒకే ప్రాంతంలో సర్వే చేసేవాళ్లలో ఒక్కరికే "లేదు"లు బాగా ఎక్కువ వస్తుంటే ఆమెతో కూర్చుని కారణం తెలుసుకోండి. తనిఖీకి అదే ఇంటికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు మళ్లీ అడగకండి, ఇంటి వివరాలు సరిచూస్తే చాలు.

ప్రశ్న: అదే ఊరి అమ్మాయిలను సర్వేకు పెట్టుకుంటే నమ్మకంగా చెబుతారు కదా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇంట్లో కొట్టడం లాంటి విషయంలో వద్దు. రేపు నీళ్ల దగ్గర ఎదురుపడే మనిషికి ఎవరు చెబుతారు? అదే యాస మాట్లాడే పక్క మండలం అమ్మాయిలైతే మేలు.

ప్రశ్న: పరీక్షల్లో కాపీ కొట్టడంపై మా డిగ్రీ కాలేజీలో సర్వే చేయాలి. పేర్లు రాయించకపోయినా నిజం చెప్పరేమోనని భయం.
- ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రతి విద్యార్థీ ఎవరికీ కనబడకుండా నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే, కాపీ కొట్టినా కొట్టకపోయినా "ఔను" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. 200 మందిలో 130 "ఔను"లు వచ్చాయనుకోండి. సుమారు 100 బొమ్మ వల్ల వచ్చినవి. మిగతా 100 మందిలో 30 మంది ఔనన్నారు కాబట్టి కాపీ కొట్టినవాళ్లు దాదాపు 30 శాతం. ఫలానా కుర్రాడి "ఔను" ఏ రకమో మీకూ తెలియదు. 1965లో పరిశోధకుడు స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన పద్ధతికి ఇదొక రూపం.

ఇది చెడేది ఒకచోట: కాపీ కొట్టనివాళ్లు బొమ్మ పడ్డా "ఔను" రాయడానికి జంకుతారు. అందుకే "నిన్న టిఫిన్ తిన్నారా?" లాంటి ప్రశ్నతో ఒకసారి సాధన చేయించండి. అంచనాలో తేడా ఎక్కువుంటుంది కాబట్టి 50 మందితో లాభం లేదు. తరగతి చిన్నదైతే మూత వేసిన పెట్టెలో చీటీలు వేయించడమే మంచిది. ఏ పద్ధతైనా, ఆ సమయంలో వాళ్లకు మార్కులు వేసే అధ్యాపకులు గదిలో ఉండకూడదు.