మసాలా రాతిపువ్వు పార్మోట్రెమా పెర్లాటమేనా? ఎలా తేల్చుకోవాలి?

ముందు లెన్స్‌తో అంచులు చూడండి. పెర్లాటం ఒక లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) జాతి; పైన బూడిద రంగు, కింద నలుపు. అంచు వెంట పిండి పట్టినట్టు సన్నని గీత, అక్కడక్కడా పొట్టి నల్లని వెంట్రుకలు. దుకాణాల్లో తరచూ కలిసి వచ్చే మరో జాతి, పార్మోట్రెమా టింక్టోరంకి ఆ వెంట్రుకలుండవు, పైనంతా సన్నటి మొటిమలు.

తర్వాత రసాయన పరీక్ష. బ్లేడుతో పై పొర గీకి, తెల్లని లోపొరపై 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేయండి. పెర్లాటమైతే లోపొరలోని స్టిక్టిక్ ఆమ్లం వల్ల పసుపై, నారింజకు తిరుగుతుంది. గీకకుండా వేస్తే మోసపోతారు: పై పొరలోని అట్రనోరిన్ అనే పదార్థం కూడా పసుపే ఇస్తుంది.

ఇంకో ముక్కపై బ్లీచింగ్ ద్రావణం: పెర్లాటంలో మార్పుండదు, టింక్టోరం లెకనోరిక్ ఆమ్లంతో ఎర్రబడుతుంది. ద్రావణం తాజాగా కలుపుకోండి, పాతబడితే టింక్టోరం కూడా ఎర్రబడదు. పరీక్షించిన ముక్కలు మళ్లీ డబ్బాలో వేయకండి.